ఆటో అనలైజర్ బిగించి వెళ్ళడం వేరు, నేర్పి వెళ్ళడం వేరు: మా ల్యాబ్ నుంచి ఒక రివ్యూ

ఫుల్లీ ఆటోమేటెడ్ బయోకెమిస్ట్రీ అనలైజర్ (రక్తంలోని పదార్థాలు, ఎంజైమ్‌లు ఎంతున్నాయో తనంతట తానే కొలిచే మెషీన్) తీసుకుంటున్నామని చెప్పగానే తోటి ల్యాబ్ వాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. గంటకి ఎన్ని టెస్టులు చేస్తుంది, టెస్టుకి రీయేజెంట్ (టెస్టు చేసే రసాయనం) ఖర్చు ఎంత పడుతుంది. రేపు దాని ముందు నిలబడేది ఎవరు, వాళ్ళకి నేర్పేది ఎవరు అని అడిగినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. మాది ఒంగోలు దగ్గర చిన్న టౌన్‌లో ల్యాబ్, ఇన్నేళ్ళూ సెమీ ఆటో (శాంపిల్, రీయేజెంట్ మనమే చేత్తో కలిపి పెట్టే మెషీన్) మీదే నడిపాం, ఈ మధ్యే బెంచ్ టాప్ ఫుల్లీ ఆటో ఒకటి కొన్నాం, గంటకి 200 టెస్టుల రకం, ఓపెన్ సిస్టమ్, అంటే ఏ కంపెనీ రీయేజెంట్ అయినా వాడుకోవచ్చు. రీయేజెంట్ రెంటల్ మీద, అంటే రీయేజెంట్ వాళ్ళ దగ్గరే కొంటామన్న ఒప్పందం మీద పెట్టించుకున్నది కాదు, డబ్బు పెట్టి కొన్నదే. మెషీన్ బాగానే ఉంది, దాని గురించి ఎక్కువ రాయను. నేను రాయాలనుకున్నది దాన్ని బిగించి, అనుభవం లేని మా పిల్లలకి నేర్పి వెళ్ళిన సర్వీస్ గురించి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇదే కంపెనీ నుంచి మీ ఊరికి వేరే మనిషి వస్తే మీ అనుభవం పూర్తిగా మారిపోవచ్చు.

మార్కులు ముందే చెప్పేస్తాను. ట్రైనింగ్ ఇచ్చిన అప్లికేషన్ మేడమ్‌కి ఐదుకి ఐదు. ఇన్‌స్టలేషన్ ఇంజనీర్‌కి మూడున్నర. మాన్యువల్, స్క్రీన్ మీద వచ్చే గైడ్ కలిపి రెండు. ఆ తర్వాత ఫాలో అప్‌కి కూడా రెండే.

మా స్టాఫ్ సంగతి తెలిస్తే ఈ మార్కులు ఎందుకో అర్థమవుతుంది. ఒకమ్మాయి డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తి చేసి నేరుగా మా దగ్గరికి వచ్చింది, ఇంకో కుర్రాడు ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ చేశాడు. ఇద్దరూ బ్లడ్ తీయడంలో చెయ్యి తిరిగినవాళ్ళు, చంటిపిల్లలకి కూడా ఒక్క గుచ్చుతో తీస్తారు. కానీ ఆటో అనలైజర్‌ని ట్రైనింగ్‌కి వెళ్ళిన ఆస్పత్రిలో దూరం నుంచి చూడటమే తప్ప ఎవరూ చెయ్యి పెట్టనివ్వలేదట. లక్షల మెషీన్, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో అన్న టెన్షన్ వాళ్ళ మొహాల్లోనే కనిపించేది. చిన్న ఊళ్ళలో చాలా ల్యాబ్‌ల పరిస్థితి ఇదే, అనుభవం ఉన్న టెక్నీషియన్లు విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్ళిపోతారు, మనకి దొరికేది కొత్తవాళ్ళే.

మెషీన్ రాకముందే వాట్సాప్‌లో ఒక లిస్ట్ పంపారు, ఇది నాకు నచ్చింది. ఆన్‌లైన్ యూపీఎస్, విడిగా ఎర్తింగ్, ఏసీ, కదలని టేబుల్, డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) వాటర్. ఇంజనీర్ గారు వచ్చి బాక్స్ ముట్టుకోకముందే మల్టీమీటర్ తీసి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూశారు. 3 వోల్టుల లోపు ఉండాలి, మా దగ్గర ఎక్కువ చూపించింది. "ఎర్త్ పిట్ సరిచేయించండి సార్, అప్పటిదాకా నేను బాక్స్ తెరవను" అన్నారు. ఆ క్షణాన విసుగొచ్చింది కానీ ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఎర్తింగ్ సరిగా లేకపోతే కాంతిని కొలిచే ఫోటోమీటర్ రీడింగ్‌లు ఊగుతాయి, శాంపిల్‌నీ రీయేజెంట్‌నీ పీల్చే సూది లాంటి ప్రోబ్‌కి ద్రవం ఎక్కడిదాకా ఉందో చెప్పే లెవెల్ సెన్సర్ తప్పు చెబుతుంది, ఆ తర్వాత కారణం తెలియక రీయేజెంట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఎర్తింగ్ చూడకుండా మెషీన్ పెట్టేసి ఫోటో తీసుకుని వెళ్ళిపోయే వాళ్ళ గురించి కూడా విన్నాను.

నీళ్ళ విషయంలో కూడా అంతే పట్టుగా ఉన్నారు. ప్రకాశం జిల్లా బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్ళు పోస్తే చాలు కదా అని మా కుర్రాడు అడిగాడు. చాలదు. ఆర్‌వో తర్వాత రెజిన్ ఉన్న డీఅయనైజర్ పెట్టించి, కండక్టివిటీ 1 మైక్రోసీమెన్స్ లోపుకి వచ్చాకే మెషీన్‌కి పైప్ కలిపారు. కువెట్లు (శాంపిల్, రీయేజెంట్ కలిసే చిన్న పాత్రలు) కడిగేది, ప్రోబ్ కడిగేది అన్నీ ఆ నీళ్ళతోనే కాబట్టి అందులో లవణాలు ఉంటే కాల్షియం లాంటి టెస్టుల్లో తేడా కొడుతుంది, కువెట్ల గోడలకి తెల్లటి పొర పడుతుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే మీటర్ ముంచి రీడింగ్ పుస్తకంలో రాయడం మా అమ్మాయి మొదటి పని.

మరి ఇంజనీర్ గారికి మార్కులు ఎందుకు తగ్గించానంటే, పని ఎంత బాగా వచ్చో చెప్పడం అంత రాదు ఆయనకి. ల్యాంప్ పెట్టడం, కువెట్లు అమర్చడం, ట్యూబింగ్ కలపడం అన్నీ చకచకా చేసేశారు. మా అమ్మాయి దగ్గరికి వచ్చి చూడబోతే "మీకెందుకమ్మా, అది నేను చూసుకుంటా కదా" అని మూత వేసేశారు. అది హాలోజన్ ల్యాంప్, కొన్ని నెలలకో ఏడాదికో మార్చక తప్పదు. ఆ రోజు ఆయన మా ఊళ్ళో ఉండరు కదా. గ్లవ్స్ లేకుండా కువెట్ పట్టుకోకూడదు, ల్యాంప్ గాజుకి వేలిముద్ర అంటకూడదు, ఆపిన వెంటనే ల్యాంప్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది అన్న మూడు ముక్కలు చెప్పి, ఒక్కసారి వాళ్ళ చేత తీయించి పెట్టిస్తే పది నిమిషాలు కూడా పట్టదు.

ఆయన వెళ్ళాక అప్లికేషన్ మేడమ్ వచ్చారు. వచ్చీ రాగానే నడుస్తున్న మెషీన్‌ని ఆపేయించారు. "ఇప్పుడు నువ్వు ఆన్ చెయ్యమ్మా, నేను ముట్టుకోను" అని కుర్చీ లాక్కుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. అక్కడే నాకు ఆవిడ మీద గురి కుదిరింది. నీళ్ళ క్యాన్ నిండా ఉందా, వేస్ట్ క్యాన్ ఖాళీగా ఉందా, వాష్ సొల్యూషన్ ఉందా చూశాకే స్విచ్. రియాక్షన్ ట్రే 37 డిగ్రీలకి వచ్చి నిలబడేదాకా, ల్యాంప్ స్థిరపడేదాకా ఆగాలి. తర్వాత కువెట్లకి వాటర్ బ్లాంక్, అంటే ఉత్త నీళ్ళతో రీడింగ్. ఒక్కో మెట్టు దగ్గరా "ఇది ఎందుకు?" అని అడిగేవారు. జవాబు రాకపోతే చెప్పేవారు, వచ్చిన జవాబు బట్టీ పట్టినట్టుంటే ఇంకో ప్రశ్న వేసేవారు. 37 డిగ్రీలు ఎందుకంటే ఎంజైమ్ పనితీరు ఉష్ణోగ్రతని బట్టి మారిపోతుంది, ట్రే వేడెక్కకముందే లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ టెస్టు పెడితే తక్కువ వస్తుంది. ఇది ఒకసారి అర్థమైనవాళ్ళు తొందరపడి ముందే స్టార్ట్ నొక్కరు.

కంట్రోల్ సీరమ్ (మెషీన్ సరిగా కొలుస్తోందో చూడటానికి వాడే, విలువలు ముందే తెలిసిన సీరమ్) కలపడం ఒక్కటే ఎంత ఓపిగ్గా నేర్పారో చెప్పాలి. లయోఫిలైజ్డ్ (గడ్డకట్టించి ఎండబెట్టిన) పౌడర్, వయల్‌ని మెల్లగా బల్ల మీద తట్టి పౌడర్ అంతా అడుక్కి చేర్చాలి, రబ్బరు మూత ఒక్కసారిగా లాగకూడదు, లాగితే పౌడర్ ఎగిరిపోతుంది. సరిగ్గా 5 మి.లీ. నీళ్ళు పోయాలి. మా కుర్రాడు 1000 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్‌తో ఐదుసార్లు పోద్దామనుకున్నాడు, ఆవిడ ఆపి, ఒక్కోసారి పడే చిన్న తేడా ఐదుసార్లకి పెద్దదవుతుందని చెప్పి, వాల్యూమెట్రిక్ పిపెట్ తెప్పించారు. తర్వాత వయల్‌ని ఊపకూడదు, నురగ వస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా తిప్పి అరగంట చీకట్లో ఉంచాలి. చీకట్లో ఎందుకంటే బిలిరుబిన్ వెలుతురుకి పాడైపోతుంది. ఆ తర్వాత చిన్న చిన్న కప్పుల్లో పంచి మైనస్ 20లో పెట్టి, రోజుకి ఒకటి తీయాలి, ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఇవన్నీ కిట్‌లో వచ్చే కాగితం మీద ఉంటాయి, నిజమే. ఆ కాగితం చూసి మా వాళ్ళు ఇలా చేసేవాళ్ళు కాదు.

ఇంకోటి, తప్పు జరగబోతున్నా కావాలని ఆపేవారు కాదు, పేషెంట్ శాంపిల్ కాకపోతే. కంట్రోల్ వాల్యూ షీట్ చేతికిచ్చి ఏఎల్‌పీ అనే ఇంకో ఎంజైమ్‌కి టార్గెట్ (రావలసిన విలువ) మెషీన్‌లో ఎక్కించమన్నారు. ఆ షీట్లు చూసినవాళ్ళకి తెలుసు, చీమల్లాంటి అక్షరాలు, ఒకే టెస్టుకి రకరకాల పద్ధతులు, రెండేసి యూనిట్లు. అమ్మాయి పైన కనిపించిన లైన్ ఎక్కించేసింది. కంట్రోల్ రన్ చేస్తే విలువ బాగా తక్కువ వచ్చి ఎర్రగా వెలిగింది. రీయేజెంట్ పాడైందేమో మేడమ్ అంది అమ్మాయి. ఆవిడ రీయేజెంట్ బాక్స్ మీద, షీట్ మీద పక్కపక్కనే వేలు పెట్టి చూపించారు. మా కిట్ ఏఎంపీ అనే బఫర్ ద్రావణంతో చేసేది, ఎక్కించిన టార్గెట్ డీఈఏ అనే వేరే బఫర్‌ది. డీఈఏ పద్ధతిలో ఏఎల్‌పీ ఎక్కువ వస్తుంది, రెండింటికీ నార్మల్ రేంజ్ కూడా వేరే. రిపోర్ట్ మీద వేసే రేంజ్ కూడా కిట్‌ని బట్టే మార్చాలని అప్పుడే వాళ్ళకి తెలిసింది. ఈ పాఠం వాళ్ళు జన్మలో మర్చిపోరు.

సెమీ ఆటో నుంచి వచ్చేవాళ్ళందరూ తప్పక చదవాల్సిన ముక్క ఫ్యాక్టర్ గురించి, అంటే మెషీన్ రీడింగ్‌ని రిజల్ట్‌గా మార్చడానికి గుణించే అంకె గురించి. ఎస్‌జీపీటీకి 1768 అని మన చేతులకి అలవాటైపోయింది, స్క్రీన్ మీద ఎక్కడ ఖాళీ గడి కనిపించినా అదే కొట్టేస్తాం. ఆ 1768 ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ వైట్‌బోర్డ్ మీద లెక్క వేసి చూపించారు. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ (ఈ టెస్టులో మెషీన్ కొలిచే పదార్థం) కాంతిని పీల్చే గుణకం 6.22, శాంపిల్ 100, రీయేజెంట్ 1000 మైక్రోలీటర్లు, కాంతి వెళ్ళే దారి 1 సెం.మీ. వీటిలో ఏది మారినా ఫ్యాక్టర్ మారుతుంది. ఫుల్లీ ఆటో కువెట్ చిన్నది, దారి 6 మి.మీ. అనుకోండి, శాంపిల్ నిష్పత్తి అదే ఉన్నా ఫ్యాక్టర్ 2947 దాకా వెళ్తుంది. పాత 1768 పెడితే ఎస్‌జీపీటీ 100 ఉన్న మనిషికి 60 అని రిపోర్ట్ ఇస్తాం. కొన్ని మెషీన్లు సాఫ్ట్‌వేర్‌లోనే 1 సెం.మీ.కి సరిచేసుకుంటాయి, కాబట్టి మీ మెషీన్ ఏం చేస్తుందో ఇంజనీర్‌ని అడిగి తెలుసుకోండి. ఆవిడ మాత్రం ఎంజైమ్‌లకి కూడా ఫ్యాక్టర్ వదిలేసి, విలువ తెలిసిన కాలిబ్రేటర్ ద్రావణంతోనే కాలిబ్రేట్ చేయించారు, దాని లాట్ నంబర్, లాట్ తాలూకు విలువలు మా వాళ్ళ చేతే ఎక్కించారు.

రీయేజెంట్ బాటిల్ పైన నురగ ఉంటే లెవెల్ సెన్సర్ దాన్నే ద్రవం అనుకుంటుందట, ప్రోబ్ గాలి పీలుస్తుంది, రిజల్ట్ తప్పుతుంది. మూత తీసి చూసి, బుడగ ఉంటే శుభ్రమైన టిప్‌తో తీసేయడం ఇప్పుడు మా వాళ్ళకి అలవాటు. అలాగే టెస్టుల వరస. ఎస్‌జీపీటీ రీయేజెంట్‌లో ఎల్‌డీహెచ్ ఎంజైమ్ ఉంటుంది, అది చేసిన వెంటనే అదే ప్రోబ్‌తో ఎల్‌డీహెచ్ టెస్టు చేస్తే అంటుకున్న కాస్తా కలిసి లేనిపోని ఎక్కువ చూపించవచ్చు. ట్రైగ్లిజరైడ్స్ రీయేజెంట్‌కీ లైపేజ్ టెస్టుకీ ఇదే గొడవ. క్యారీఓవర్ సెట్టింగ్‌లో ఆ జంటల మధ్య అదనపు వాష్ పెట్టించారు. ఇవి కొత్తవాళ్ళకి మాన్యువల్‌లో వెతికితే దొరికే సంగతులు కావు.

పొద్దున ఫాస్టింగ్ శాంపిల్స్ రద్దీలో వచ్చే ఇబ్బంది కూడా ముందే చెప్పారు. రక్తం పూర్తిగా గడ్డకట్టకుండా సెంట్రిఫ్యూజ్‌లో పెడితే సీరమ్‌లో ఫైబ్రిన్ పోగులు మిగిలిపోతాయి, సెమీ ఆటోలో మన కంటికి కనపడి పక్కన పెట్టేవాళ్ళం, ఇక్కడ నేరుగా ప్రోబ్‌లోకి వెళ్ళి అడ్డం పడుతుంది. అరగంట ఆగాల్సిందే, పేషెంట్ ఎంత తొందరపెట్టినా సరే.

నాకు అన్నిటికన్నా నచ్చింది కంట్రోల్స్ విషయంలో ఆవిడ పెట్టిన కట్టుబాటు. చాలా ల్యాబ్‌లలో కంట్రోల్ తప్పితే మళ్ళీ రన్ చేస్తారు, మళ్ళీ తప్పితే మళ్ళీ, ఎప్పుడో ఒకసారి పాసవుతుంది, ఆ ఒక్కటీ పుస్తకంలో రాసుకుని పేషెంట్లని మొదలుపెడతారు. ఇది మన ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన జబ్బు. ఆవిడ దీన్ని చాలా గట్టిగా ఖండించారు. రోజువారీ కంట్రోల్ విలువలు గీసుకోవడానికి 1950లో లెవీ, జెన్నింగ్స్ ల్యాబ్‌లకి తెచ్చిన చార్ట్, ఎప్పుడు ఆపాలో చెప్పే 1981 నాటి వెస్ట్‌గార్డ్ రూల్స్, రెండూ మా వాళ్ళ చేత కాగితం మీద చేత్తో గీయించారు, సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్‌గా వస్తున్నా సరే. ఒక కంట్రోల్ సగటు నుంచి 3 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, విలువలు మామూలుగా అటూ ఇటూ ఊగే కొలత) దాటితే ఆపాలి, వరసగా రెండుసార్లు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటితే ఆపాలి, ఆపాక ముందు కారణం వెతకాలి, దొరికాకే రిపీట్. కొన్నాళ్ళు పాత సెమీ ఆటో మీదా కొత్తదాని మీదా ఒకే శాంపిల్స్ నడిపి పోల్చి చూసుకున్నాకే రిపోర్టులు ఇవ్వమన్నారు. బయటి క్వాలిటీ చెక్ కోసం వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి నడిపే ఈక్వాస్ పథకంలో చేరమని చెప్పి, ఎలా చేరాలో కూడా చెప్పారు. కంపెనీ మనిషి అయ్యుండి ఇలా చెప్పడం అరుదు, ఎందుకంటే పోల్చి చూస్తే వాళ్ళ మెషీన్ లోపాలే బయటపడొచ్చు కదా.

ట్రైనింగ్ సర్టిఫికెట్ విషయంలో కూడా అంతే. మామూలుగా వెళ్ళేరోజు అందరి పేర్లూ రాసి సంతకం పెట్టేస్తారు. ఈవిడ ఇద్దరి చేతా మొదటి నుంచి చివరి దాకా, షట్‌డౌన్, ప్రోబ్ క్లీనింగ్‌తో సహా, ఒంటరిగా చేయించి చూశాకే పెట్టారు. రేపు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ)కి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది, మెడికల్ ల్యాబ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 15189 ప్రకారం స్టాఫ్‌కి శిక్షణ ఇచ్చిన రికార్డు, పని వచ్చని చూసిన రికార్డు రెండూ ఉండాలి.

ఇక బాగాలేనివి. మాన్యువల్ లావుగా ఉంది, ఇంగ్లిష్ కూడా ఎక్కడో అనువాదం చేసినట్టు అర్థం కాకుండా ఉంది. స్క్రీన్ మీద సెటప్ గైడ్ అని ఒకటి ఉంది, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే, ఏం చేస్తున్నామో ఎందుకు చేస్తున్నామో ఒక్క ముక్క ఉండదు. ఎర్రర్ వస్తే ఒక నంబర్ చూపిస్తుంది, ఆ నంబర్‌కి అర్థం మాన్యువల్ చివర వెతుక్కోవాలి, అక్కడ చూస్తే "సర్వీస్‌ని సంప్రదించండి" అని ఉంటుంది. ఆంధ్రా తెలంగాణాల్లో ఇన్ని మెషీన్లు అమ్ముతున్నవాళ్ళు తెలుగులో పది పేజీల పుస్తకం, నాలుగు చిన్న వీడియోలు చేయించలేరా? మేడమ్ దగ్గర కూర్చుని చెబుతుంటే మా అమ్మాయి తెలుగులో రాసుకున్న కాగితమే ఇప్పుడు ల్యామినేట్ చేసి మెషీన్ పక్కన గోడకి అతికించాం. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ ఉపయోగపడుతున్నది అదే.

ఫాలో అప్ మరీ నిరాశ. నెల తర్వాత రిఫ్రెషర్ విజిట్ అని నోటితో చెప్పారు, ఎన్నోసార్లు ఫోన్ చేయించుకుని ఎప్పటికో వచ్చారు. హెల్ప్‌లైన్‌కి చేస్తే హిందీ, లేదంటే ఇంగ్లిష్. మా కుర్రాడికి మెషీన్ ముందు పని వచ్చు కానీ ఫోన్‌లో హిందీలో ప్రాబ్లమ్ చెప్పడం రాదు, అందులో వాడి తప్పేముంది. కంప్యూటర్‌లోకి దూరం నుంచే వచ్చి చూసే సదుపాయం మాత్రం బాగుంది, ఒకట్రెండు సెట్టింగులు అలాగే సరిచేశారు. ఇంకో పెద్ద లోటు, స్టాఫ్ మారితే కొత్తవాళ్ళకి మళ్ళీ ట్రైనింగ్ ఇవ్వడానికి విడిగా డబ్బు అడుగుతున్నారు. టెక్నీషియన్ ఏడాది తిరక్కుండా మానేయడం మన దగ్గర మామూలే కదా, ఈ మాట ఎవరూ ముందు చెప్పరు.

కాబట్టి కొనబోయేవాళ్ళు ధర బేరం ఆడినంత గట్టిగా దీని గురించి కూడా ఆడండి. పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి, కనీసం ఇద్దరికి చేత్తో చేయించే ట్రైనింగ్, ఏడాది లోపు ఇంకోసారి ఉచితంగా, స్టాఫ్ మారితే ఏమిటి, తెలుగు వచ్చినవాళ్ళు ఫోన్ ఎత్తుతారా. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) తీసుకుంటే స్పేర్ పార్టులు విడిగా కట్టాలి, సీఎంసీ (కాంప్రిహెన్సివ్ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్)లో కలిసి ఉంటాయి, కానీ ల్యాంప్, ట్యూబింగ్, కువెట్లు అందులో వస్తాయో రావో కాగితం మీద చూసుకోండి. ఇన్‌స్టలేషన్ రిపోర్ట్ మీద అదే రోజు సంతకం పెట్టమంటారు, మీ సొంత స్టాఫ్ మీ కళ్ళ ముందు కంట్రోల్స్ పాస్ చేసేదాకా పెట్టకండి. వీలైతే మీ జిల్లాకి ఏ ట్రైనర్ వస్తారో కనుక్కుని, వాళ్ళు నేర్పిన ల్యాబ్ ఒకదానికి వెళ్ళి అక్కడి టెక్నీషియన్‌తో మాట్లాడండి, ఓనర్‌తో కాదు.

ల్యాంప్ మార్చడం మా వాళ్ళ చేత చేయించమని మెయిల్ పెట్టాం, వచ్చే సర్వీస్ విజిట్‌లో చేయిస్తామని జవాబు వచ్చింది. చేయిస్తే ఇంజనీర్ గారి మార్కులు ఇక్కడే పెంచుతాను.